పచ్చ కారు, ఎర్ర కారు

ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
ఏప్రిల్ 9

అన్నయ్యకు,

నా బిడ్డ పోయి ఈ రోజుకి నలభై రెండు రోజులు. లెక్కపెట్టకూడదనే అనుకుంటాను. కానీ పొద్దున్నే చిరిగిన దుప్పట్ల మూట నా ముందు పడుతుంది, తేదీ చీటీ దాని మీదే ఉంటుంది. కళ్లు మూసుకుని కుట్టలేను కదా.

మళ్లీ పనిలో చేరాను. ఇంట్లో కూర్చుంటే గోడలు మీద పడుతున్నాయి. ఇక్కడ కుట్టు గదిలో ఆరుగురం. నేను లోపలికి అడుగుపెట్టగానే మిగతా అయిదుగురూ మాట ఆపేస్తారు. మంచివాళ్లే, నా ముందు వాళ్ల పిల్లల ముచ్చట్లు చెప్పుకోవడానికి జంకుతున్నారు. నిన్న నేనే అన్నాను, మాట్లాడుకోండే, నేనేం దిష్టి పెట్టను అని. అది విని ఇంకా ముడుచుకుపోయారు.

విచారణ ఆఫీసు నుంచి కారు ప్రమాదం కాగితం వచ్చింది. నాది అయిదో తరగతి చదువు, ఆ పెద్ద మాటలు స్టోరు గుమాస్తా చేత చదివించుకున్నాను. అతివేగం, నడిపిన వ్యక్తి నిర్లక్ష్యం అని ఉంది. ఇరవై నాలుగేళ్ల పిల్లాడికి అంతే రాశారు. వాడు నిర్లక్ష్యం మనిషా? చొక్కా గుండీ ఊడితే ఆ గుండీయే దొరికేదాకా ఇల్లంతా వెతికేవాడు, ఇంకోటి కుట్టనిచ్చేవాడు కాదు.

పదహారో ఏట వాణ్ణి తీసుకొచ్చి నీ షెడ్డులో నీ చేతిలో పెట్టాను. మేనమామ దగ్గరున్నాడు, నాకేం బెంగ అని ఎనిమిదేళ్లు అందరికీ చెప్పుకున్నాను. ఆ రోజు నువ్వు వాడి వెనకే ఇంకో కారులో ఉన్నావు. చూసింది నువ్వొక్కడివే. అందుకని నిన్నే అడుగుతున్నాను. వాడు నిజంగా అంత వేగంగా పోయాడా? నువ్వు అవునంటే నమ్ముతాను. కాదంటే ఆ కాగితం మార్పించేదాకా ఆ ఆఫీసు గుమ్మం వదలను.

ఫోను చెయ్యొద్దు. నీ గొంతు వింటే నాకు ఏడుపు తప్ప మాట రాదు. ఉత్తరమే రాయి.

వాడి పెట్టె పంపించు. బట్టలు ఉతకకుండా పంపించు.

నీ చెల్లెలు


కార్ల షెడ్డు
ఏప్రిల్ 20

చెల్లికి,

నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని వారం తిరిగాను. నా చేతికి కలమంటే ఎప్పుడూ బద్ధకమే. ఈసారి మటుకు బద్ధకం కాదు.

అడిగావు కాబట్టి చెప్తాను. పళ్ల డాక్టరు గారి దగ్గర రెండు పాత స్పోర్ట్సు కార్లున్నాయని నీకు తెలుసు. పచ్చది ఇంగ్లండుది, అరవై అయిదేళ్ల నాటిది. ఎర్రది జర్మనీది, దానికంటే ముప్పై ఏళ్లు చిన్నది. రెండూ మా షెడ్డులోనే విప్పి బిగించాం. డాక్టరు గారికి వయసు మీద పడింది, రెండిటినీ సాకలేనన్నారు. ఒకటి ఉంచుకుంటాను, ఒకటి అమ్మేస్తాను, ఏది మేలో మీరే తేల్చండి అన్నారు. నేను ఎర్రదాని వైపు, మనవాడు పచ్చదాని వైపు. ఆర్నెల్లు షెడ్డులో ఇదే గొడవ. ఆఖరికి ఒకే పొద్దున, ఒకే కొండ దారిలో రెండూ నడిపి చూద్దామనుకున్నాం. ఆ ఆదివారం అందుకే వెళ్లాం. వాడు ముందు, నేను వెనక.

మూడో మలుపు దగ్గర వాడు వేగం తగ్గించలేదు. అంచున ఉన్న రాయికి కొట్టాడు. ఎడమ పక్క ముందు చక్రం ఊడింది. ఆ తర్వాతది అడగకు, చెప్పలేను.

వాడు పిడుగు కదమ్మా. ఆ పేరు నేను ఊరికే పెట్టానా. మామయ్యను ఓడించాలనుకున్నాడు. తప్పు వాడిదనను, వయసుది. ఆ కాగితం గురించి మనసు పాడుచేసుకోకు. కాగితం మార్చినంత మాత్రాన మనిషి లేచి వస్తాడా.

పెట్టె పంపిస్తున్నాను. బట్టలు మీ వదిన ఉతికేసింది, నీ ఉత్తరం అందేలోపే. ఏమీ అనుకోకు.

నీ అన్నయ్య


ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
మే 15

అన్నయ్యకు,

పెట్టె అందింది. బట్టలు సబ్బు వాసన వేస్తున్నాయి. మా లాండ్రీలో రోజూ పీల్చే సబ్బే. వదినను ఏమీ అననులే. మంచి చేద్దామనే చేసి ఉంటుంది, మంచి చేసేవాళ్లతోనే చిక్కు.

పెట్టె అడుగున మాత్రం ఒక నోటు పుస్తకం ఉంది. దానికి గ్రీసు వాసన ఉంది. దాన్ని తలకింద పెట్టుకుంటున్నాను.

నిన్న ఆదివారం కూర్చుని కూడబలుక్కుంటూ చదివాను. ప్రతి పేజీకీ మధ్యలో గీత కొట్టాడు. ఒక పక్క పచ్చది, ఒక పక్క ఎర్రది. కొంత ఇక్కడ ఎక్కిస్తున్నాను. వాడి మాటలు నా చేత్తో రాయాలనిపించింది.

"పచ్చది నిలబెట్టిన చోటల్లా ఆయిలు కారుస్తుంది. మామయ్య దాన్ని ముక్కు కారే ముసలమ్మ అంటాడు. ఎర్రది చుక్క కార్చదు. నేను దాన్ని హెడ్మాస్టరు అంటాను."

"పచ్చదానికి ఇంజను ముందు. ఎర్రదానికి వెనక. పచ్చది తప్పు చేస్తే ముందే చెప్తుంది, స్టీరింగు వణుకుతుంది. ఎర్రది చెప్పదు, నువ్వు తప్పు చేస్తే ఒక్కసారే దండిస్తుంది."

ఇంజను వెనక ఉంటే ఏమవుతుంది అన్నయ్యా? దండించడమేమిటి? నాకు చెప్పు. వాడు ఫోనులో ఈ కార్ల గురించి మొదలుపెట్టినప్పుడల్లా నేను అడ్డం పడి, తిన్నావా, నిద్రపోతున్నావా అనేదాన్ని. వాడు సరేలే అమ్మా అని ఊరుకునేవాడు. ఇప్పుడు వాడు నాతో చెప్పాలనుకున్నది వినాలని ఉంది. నువ్వు తప్ప నాకు చెప్పేవాళ్లు లేరు. రెండు కార్లకీ తేడా ఏమిటో మొదటి నుంచీ చెప్పు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

నీ చెల్లెలు


కార్ల షెడ్డు
జూన్ 1

చెల్లికి,

నీ ఉత్తరం చూసి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. హెడ్మాస్టరు అని నా ముందు కూడా అనేవాడు వెధవ.

సరే విను. నువ్వు ముందు రెండు చేతులతో బిందె పట్టుకుని పరిగెత్తుతున్నావనుకో. వీపు మీద పిల్లాణ్ణి మోస్తూ పరిగెత్తుతున్నావనుకో. తేడా ఉంటుందా లేదా? ఇంజను బరువు ఎక్కడుంటే బండి నడక అలా ఉంటుంది. ఎర్రదాని బరువంతా వెనక చక్రాల మీద. తిన్నటి దారిలో, ఎత్తు ఎక్కేటప్పుడు నేలను కరుచుకుని పోతుంది. కానీ మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటరు మీంచి కాలు తీశావా, వెనక భాగం ముందుకొచ్చేస్తుంది. అదే దండించడం. భయపడనివాడికి దానంత మంచి బండి లేదు.

పచ్చది వేరే జాతి. అది చేసిన రోజుల్లో మనుషులు చేత్తో రేకు కొట్టి బండి చేసేవాళ్లు. కుడి తలుపు ఎడమ తలుపుకి సరిపోదు. తలుపులకి పిడులు కూడా లేవు, లోపలికి చెయ్యి పెట్టి తీగ లాగాలి. పై కప్పు గుడ్డ, వాన పడితే ఒళ్లో నీళ్లు. బ్రేకు మీద ఎక్కి నిలబడితే ఎప్పటికో ఆగుతుంది. ఇదేం బండిరా అంటే, "మామయ్యా, ఎర్రది నువ్వు లేకపోయినా నడుస్తుంది. దీనికి మనిషి కావాలి" అనేవాడు. మనిషి కావాలంటే పెళ్లి చేసుకోరా, కారెందుకు అనేవాణ్ణి. షెడ్డంతా నవ్వేది.

జర్మనీవాడు ముప్పై ఏళ్ల తర్వాత పుట్టాడు కాబట్టి ముందువాళ్లు చేసిన తప్పులన్నీ చూసి చేశాడు. ప్రతి బోల్టుకీ ఒక కొలత, ఏ చెయ్యి బిగించినా ఒకటే. నేను ఆ పనిలోనే ముప్పై అయిదేళ్లు గడిపి ముసలివాణ్ణయ్యాను. మేస్త్రీ చెయ్యి బాగుంటేనే బాగుండే బండి నాకు నచ్చదు. చెయ్యి ఒక రోజు బాగుంటుంది, ఒక రోజు బాగుండదు.

అదమ్మా సంగతి. ఏది మంచిదంటే నేను ఎర్రదే అంటాను. వాడుంటే నా మీదికి పానా విసిరేవాడు.

నీ అన్నయ్య


ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
జూన్ 22

అన్నయ్యకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. బిందె మాటతో నాకు బాగా తెలిసింది. ఇంజను చెప్పావు, తలుపులు చెప్పావు, బ్రేకులు, కప్పు అన్నీ చెప్పావు. చక్రాలు మరిచిపోయావు.

వాడు చక్రాల గురించి మూడు పేజీలు రాశాడు. ఎర్రదాని చక్రానికి అయిదు నట్లు, నాలుగు చక్రాలకీ ఒకే వైపు తిప్పి బిగించాలట. పచ్చదానివి సైకిలుకున్నట్టు పుల్లల చక్రాలు, నడిమధ్య ఒకటే నట్టు, రెండు చెవులతో. రాగి సుత్తితో ఆ చెవి మీద కొట్టి బిగించాలట. చక్రం తొడిగే ఇనప బొడ్డు హబ్బట, దాని మీది మరకే ఆ నట్టు ఎక్కుతుందట. ఇది చూడు:

"ఎడమ పక్క హబ్బుకి కుడి మర. కుడి పక్క హబ్బుకి ఎడమ మర. హబ్బులు తారుమారైతే బండి నడుస్తుంటే నట్టు తనంతట తనే వదులవుతుంది. నట్టు మీద విప్పే వైపు బాణం ఉంటుంది. కుడి పక్క నట్టు బాణం గడియారం ముల్లు తిరిగినట్టు ఉండాలి. ఎడమ పక్కది దానికి ఎదురు."

దాని పక్కనే రెండు బొమ్మలు వేశాడు. కింద గీత కొట్టి ఇలా రాశాడు:

"బండి తీసే ముందు నట్లు నేనే చూడాలి. మామయ్యది ఎర్రదానికి అలవాటు పడిన చెయ్యి."

మరల సంగతి నాకేం తెలుసు అనుకోకు. మా దారాలకి పురి ఉంటుంది. మిషను దారం ఒక వైపే పురి తిప్పి ఉంటుంది. ఒకసారి స్టోరువాళ్లు ఎదురు పురి దారం తెచ్చి పడేశారు. చూడ్డానికి రెండూ ఒకటే, రంగు, లావు, నునుపు అన్నీ. మిషను మీద పెడితే కుడుతూ ఉండగానే పోగులు విడిపోయాయి. మొదటి దుప్పటికేం కాలేదు, రెండోదానికేం కాలేదు. మూడోదాని మధ్యలో తెగింది. అందుకని వాడు రాసింది చదవగానే నాకు చేతుల్లోకి వచ్చేసింది.

ఆ రోజు నట్లు వాడే చూసుకున్నాడా అన్నయ్యా? అది చెప్పు చాలు.

నీ చెల్లెలు


కార్ల షెడ్డు
జూలై 10

చెల్లికి,

చూసుకున్నాడు. వాడే చూసుకున్నాడు. ఇంకెన్నిసార్లు చెప్పాలి.

పురి వేరు, మర వేరు. కుట్టుపనివాళ్లు కార్ల సంగతి తేల్చేటట్టయితే మేం షెడ్డు మూసుకుని దుప్పట్లు కుట్టుకోవాలి. నీ బాధ నాకు తెలుసు, నాకూ బాధే. కానీ బాధలో ఉన్నవాళ్లకి తాడు కూడా పాములా కనిపిస్తుంది. ఆ పుస్తకం రోజూ ముందేసుకుని కూర్చుంటే పిచ్చెక్కుతుంది. అది నాకు పంపెయ్యి. డాక్టరు గారు కూడా అడుగుతున్నారు.

అన్నయ్య


ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
ఆగస్టు 2

షెడ్డు మేస్త్రీ గారికి,

పుస్తకం పంపను.

పోయిన బుధవారం సెలవు పెట్టి విచారణ ఆఫీసుకి వెళ్లాను. అక్కడి గుమాస్తా మొదట కసురుకున్నాడు. ఆయన చొక్కా జేబు కుట్టు విడిపోయి వేలాడుతోంది. సూదీ దారం నా సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కుట్టి ఇచ్చాను. ఫైలు తెచ్చి ముందు పెట్టాడు.

అందులో రెండు ఫోటోలున్నాయి. ఒకటి ఆ పొద్దున రోడ్డు మీద, దారిన పోతూ పేపర్లు వేసే అతను తీసింది. రెండోది మూడు రోజుల తర్వాత మీ షెడ్డులో ఆఫీసరు తీయించింది. రెండిటిలోనూ పచ్చ కారు కుడి పక్క చక్రం కనిపిస్తోంది, ఊడనిది. ఎదురెదురు పేజీల్లో అంటించారు, ఇన్నాళ్లుగా ఎవ్వరూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడలేదు. నేను ముప్పై ఏళ్లుగా కుట్లు లెక్కపెట్టే మనిషిని. భూతద్దం అడిగి చూశాను.

రోడ్డు మీద ఫోటోలో ఆ నట్టు బాణం గడియారానికి ఎదురు తిరుగుతోంది. షెడ్డు ఫోటోలో అదే చక్రం నట్టు బాణం గడియారం తిరిగినట్టు ఉంది, వాడు బొమ్మ వేసినట్టే, సరిగ్గా. చచ్చిపోయిన కారు మూడు రోజుల్లో తన నట్టు తనే మార్చుకుందా?

ఇంకోటి. ఆ ఆదివారానికి ముందు గురువారం సాయంత్రం వాడు నా దగ్గరికి వచ్చాడు, నాకు ఒంట్లో బాగాలేదని. హబ్బులు బల్ల మీద పెట్టి వచ్చానన్నాడు. శుక్రవారం నాతో ఉన్నాడు. శనివారం సాయంత్రానికి గానీ మీ దగ్గరికి చేరలేదు. ఆదివారం పొద్దున కారు చక్రాల మీద నిలబడి ఉంది. ఎవరు బిగించారు?

గుమాస్తాకి ఇంకా ఏమీ చెప్పలేదు. ముందు మిమ్మల్ని అడుగుతున్నాను. నా తోడబుట్టినవాడు మీ షెడ్డులో ఎక్కడైనా ఉంటే ఈ ఉత్తరం ఆయనకి చూపించండి.

వాడి అమ్మ


కార్ల షెడ్డు
ఆగస్టు 19

చెల్లీ,

నేనే బిగించాను.

వాడు వచ్చేలోపు పూర్తిచేసి చూపించాలనుకున్నాను. నీ ముసలమ్మను నేనే లేపి నిలబెట్టాను చూడరా అందామని. ఆ రెండు హబ్బులూ బల్ల మీద కవలపిల్లల్లా ఉన్నాయి. ఏది ఎటో వాడు చీటీలు కట్టి పెట్టాడు. నేను కిరసనాయిల్లో కడిగేటప్పుడు ఆ చీటీలు తీసి పారేశాను. ముప్పై అయిదేళ్ల మేస్త్రీకి చీటీ ఏమిటని. ఎర్రదానికి ఎటు పెట్టినా ఒకటే. నా చేతికి అదే తెలుసు.

ఆదివారం బయల్దేరే ముందు వాడు రాగి సుత్తి తీసుకుని చక్రం దగ్గర కూర్చున్నాడు. డాక్టరు గారు పక్కనే నిలబడి ఉన్నారు. నాకు చిన్నతనమనిపించింది. "నేను బిగించాక నువ్వు చూసేదేంట్రా? నేర్పినవాడికే పరీక్షా?" అన్నాను. వాడు నా మొహం చూశాడు. నవ్వి, "సరే మామయ్యా, నీ మాటే" అని సుత్తి కింద పెట్టేశాడు. నన్ను నలుగురిలో తక్కువ చేయలేక చూడకుండా లేచాడు.

వాడు వేగంగా పోలేదు. నెమ్మదిగా, బండి మాట వింటూ పోతున్నాడు. నేనే వెనక నుంచి హారను కొట్టాను, నీ ముసలమ్మకి కర్ర కావాలా అని ఎగతాళిగా. రాయి లేదు. మలుపుకి ముందే, తిన్నటి దారిలో, చక్రం తనంతట తనే బయటికి వచ్చేసింది. అది నా కళ్లముందు దొర్లుకుంటూ పోయింది. కారు లోయ వైపు పోయింది.

కారుని షెడ్డుకి తెచ్చాక మర్నాడు పొద్దున, పనివాళ్లు రాకముందే, హబ్బులు మార్చేశాను. ఆఫీసరు వచ్చి అడిగితే అతివేగమన్నాను. మొదటిసారి రెండుసార్లు అడిగించుకుని అన్నాను. తర్వాత అలవాటైపోయింది.

ఒక్క మాట అంటాను, కోపం తెచ్చుకోకు. వాడు ఆ రెండు రోజులూ ఇక్కడుంటే వాడి హబ్బులు వాడే బిగించుకునేవాడు. నీకు జ్వరమని వెళ్లాడు. జ్వరం రావడం నీ తప్పు కాదు. కావాలని నేనూ చేయలేదు. కలిసిరాని రోజులు అలా వచ్చాయి, అంతే.

ఇది చదివి కాల్చెయ్యి.

అన్నయ్య


ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
ఆగస్టు 27

మీకు,

నాకు జ్వరం రాలేదు.

అప్పటికి తొమ్మిది నెలలైంది వాడు నా దగ్గరికి వచ్చి. ఎప్పుడు అడిగినా ఆ పచ్చ కారు అయిపోనీ అమ్మా అనేవాడు. నాకు ఆ కారంటే ఒళ్లు మండింది. అందుకని ఒళ్లు కాలిపోతోంది, లేవలేకపోతున్నానని చెప్పి పిలిపించాను. వాడు వచ్చీ రాగానే నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు. వాడికి తెలిసిపోయింది. "జ్వరం ఎక్కడికి పోయిందే?" అని నవ్వాడు. తిట్టలేదు. శుక్రవారం పొద్దున్నే వెళ్లిపోతాను, హబ్బులు బల్ల మీదున్నాయి, మామయ్య ముట్టుకుంటాడేమో అన్నాడు. మీకు అర్థమైందా? వాడు భయపడ్డాడు. తెల్లారి బయల్దేరుతుంటే నేను అన్నాను, "ముసలి కారుకున్న విలువ ముసలి అమ్మకి లేదా?" అని. వాడు గుమ్మంలో తొడుక్కున్న చెప్పులు విప్పేశాడు.

మీరు పరువు కోసం సుత్తి కింద పెట్టించారు. నేను ముద్దు కోసం చెప్పులు విప్పించాను. వాడు ఇద్దరి మాటా విన్నాడు. మాట వినే పిల్లాణ్ణి పిడుగు అన్నారు. ఆ పేరే ఆఫీసరు ముందు పెట్టి, వాడి మీద రాయించారు.

కలిసిరాని రోజులని రాశారు. రోజులు చీటీలు విప్పవు. రోజులు పొద్దున్నే లేచి హబ్బులు మార్చవు. హబ్బులు తప్పు పెట్టడం వరకూ అయితే నేను మీతో కలిసి ఏడ్చేదాన్ని. చెయ్యి పొరపాటు పడుతుంది, నేనూ తప్పు కుడతాను. తప్పు కుట్టినది విప్పి పక్కదాని మీద పడేయను.

ఉత్తరం కాల్చను. సెప్టెంబరు 11, సోమవారం, పదకొండింటికి ఆ ఆఫీసు బల్ల మీద కూర్చుని ఉంటాను. మీరే వచ్చి చెప్పండి. రాకపోతే మీ ఉత్తరం నేనే ఇస్తాను. మీరు చెబితే మీ మాట, నేనిస్తే మీ మీద ఫిర్యాదు. ఏది మేలో మీరే తేల్చుకోండి.

వాడి అమ్మ


కార్ల షెడ్డు
సెప్టెంబరు 4

చెల్లీ,

నాకు అరవై ఒకటి. జైల్లో పెడతారు. షెడ్డు మూతపడితే ఆరుగురు పనివాళ్లు రోడ్డున పడతారు. మీ వదినకి ఇంతవరకూ తెలియదు. ఆ కాగితంలో రెండు మాటలు మారితే వాడికి ఏం ఒరుగుతుంది? వాడికి చదవడానికి కళ్లు లేవు. నీకూ నాకూ ఇంకెవరున్నారు? నన్ను కూడా పోగొట్టుకుని ఎలా బతుకుతావు?

కాళ్లు పట్టుకుంటాను. అన్నను నేను, చెల్లెలి కాళ్లు పట్టుకుంటానంటున్నాను.

నీ అన్నయ్య


ఆస్పత్రి లాండ్రీ, కుట్టు గది
అక్టోబరు 16

అన్నయ్యకు,

మీరు అని రాయడం మానేశాను. రాస్తుంటే ఎవరికి రాస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఆ సోమవారం నువ్వు రావనుకున్నాను. పన్నెండు దాటాక వచ్చావు. బల్లకి ఆ చివర కూర్చున్నావు. నా వైపు చూడలేదు, నేనూ చూడలేదు. గోళ్ల కింద నలుపు లేకుండా చేతులు కడుక్కుని వచ్చావు, అది మాత్రం చూశాను. నీకు ఎనిమిదేళ్లప్పుడు నా పలక పగలగొట్టి నాన్న ముందు ఇలాగే చేతులు కడుక్కుని నిలబడ్డావు.

నువ్వు లోపల అంతా చెప్పావు. హారను సంగతి కూడా చెప్పావు, అది ఎవరూ అడగలేదు. సంతకం పెట్టి వెళ్లిపోయావు. నువ్వు వెళ్లాక జరిగింది నీకు తెలియదు, అందుకే రాస్తున్నాను.

నేను లోపలికి వెళ్లి, నాదీ రాసుకోండి అన్నాను. జ్వరం లేదని, అబద్ధం చెప్పి పిలిపించానని, శుక్రవారం వెళ్తానంటే ఆపానని మొత్తం చెప్పాను. ఆఫీసరు చివరిదాకా విన్నాడు. మర్యాదస్తుడే. కలం మూత పెట్టేశాడు. "అది మాకు పనికొచ్చేది కాదమ్మా. మీరు ఇంటికి వెళ్లండి" అన్నాడు. రాసుకోండి బాబూ అని రెండోసారి అన్నాను. గుమాస్తా వచ్చి నా భుజం పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. నేను కుట్టిన జేబులోంచి రుమాలు తీసి ఇచ్చాడు.

మొన్న కొత్త కాగితం వచ్చింది. ఈసారి ఎవరి చేతా చదివించుకోలేదు. "నడిపిన వ్యక్తి తప్పు లేదు" అని ఉంది. వాడి మీద మాట పోయింది. తర్వాత దుప్పట్లు కుట్టాను. ఆ రోజు ఇరవై మూడు వచ్చాయి, అన్నీ కుట్టాను. తేలికగా ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు.

వదిన ఫోను చేసి తిట్టింది. షెడ్డుకి తాళం వేశారని, నీ కేసు వచ్చే నెలలో పిలుస్తారని, నేను రాక్షసినని. తిట్టనీ. డాక్టరు గారు ఎర్ర కారు కూడా అమ్మేశారట, అదీ వదినే చెప్పింది. రెండిటిలో ఏది మంచిదో తేల్చాల్సిన పని ఎవరికీ లేకుండా పోయింది.

నీ తప్పుకి సంతకముంది, తేదీ ఉంది, ఏదో ఒక శిక్ష ఉంటుంది. ఇన్నాళ్లని చెప్తారు. ఆ ఇన్నాళ్లూ అయిపోతాయి. నా దానికి ఆ ఆఫీసులో కాగితమే లేదు. అది తెలిసినవాడివి లోకంలో నువ్వొక్కడివే. ఇంకెవరికి చెప్పినా నీ తప్పేముందమ్మా అంటారు. నువ్వు అనవు. అనకు.

వాడి ఎనిమిదేళ్లు నీ దగ్గరున్నాయి. నా దగ్గర పుస్తకం ఒకటే ఉంది, అందులో కార్లు తప్ప ఏమీ లేవు. వాడు పొద్దున ఎన్నింటికి లేచేవాడు, షెడ్డులో ఏ మూల కూర్చుని తినేవాడు, నా మీద కోపమొస్తే ఏమనేవాడు, ఎవరినైనా ఇష్టపడ్డాడా. ఆ శనివారం సాయంత్రం తిరిగొచ్చాక నా జ్వరం గురించి నీతో ఏం చెప్పాడు. అబద్ధమని చెప్పాడా, లేక నన్ను దాచిపెట్టి, తగ్గింది మామయ్యా అన్నాడా.

అవన్నీ రాయి. బాగున్నవి ఏరి రాయకు, ఉన్నవి రాయి. లోపల వేసినా అక్కడ కాగితాలిస్తారట, గుమాస్తాను అడిగాను.

నిన్ను క్షమించాననుకోకు. జవాబు రాయి.

నీ చెల్లెలు